ఎవరూ అడగని సముద్రపు చేపలు

చేపలు తినమని డాక్టర్లు చెప్పని రోజు మన ఆసుపత్రిలో ఉండదు. గుండె జబ్బు వారికి, షుగరు వారికి, బాలింతలకు, ఎదిగే పిల్లలకు అందరికీ అదే మాట. విన్నవారు తల ఊపి బయటికి వస్తారు. లెక్కలు మొదలయ్యేది ఆ తర్వాతే. కొర్రమీను కొందామంటే ధర అందదు. వంజరం, చందువ అయితే చెప్పనే అక్కరలేదు. చివరికి నెలకొకసారి ఒక కిలో బొచ్చె కొని, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు "చేపలు తింటూనే ఉన్నామండీ" అని చెబుతారు.

ఆ చేపల దుకాణంలోనే ఒక మూల ఐసు కింద వెండిలా మెరిసే చిన్న చేపలు కుప్పగా ఉంటాయి. వాటి పక్కన రెండు మూరల పొడుగున కత్తుల్లాంటి చేపలు చుట్టలు చుట్టి ఉంటాయి. వాటిని అడిగేవారుండరు. ఎవరైనా అడిగినా అమ్మే ఆమే ఆపుతుంది. "గవి ముండ్ల చేపలమ్మా, మీరు తినలేరు. బొచ్చె తీసుకపోండ్రి" అంటుంది. వంజరం ఒక కిలో కొనే డబ్బుతో ఆ చేపలు రెండు మూడు కిలోలైనా వస్తాయి. డాక్టరు ఏ కారణంగా చేపలు తినమన్నారో, ఆ కారణం వంజరంలో కన్నా వాటిలోనే ఎక్కువగా ఉంది. ఈ నెల వ్యాసం ఆ చేపల గురించే: ఏవి కొనాలి, ఏవి కొనకూడదు, ఎలా శుభ్రం చేయాలి, ఎలా వండాలి.

మనకు ఎందుకు కొత్త?

మనది చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం, ధర్మసాగరం, వడ్డేపల్లి, భద్రకాళి అని చెప్పుకుంటూ పోతే వేలు చాలవు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి వారికి చేప అంటే చెరువు చేపే. కొర్రమీను, బొచ్చె, రవ్వ, జెల్ల, వాలుగ. కొర్రమీనును 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా కూడా ప్రకటించారు. ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడికి మోటుపల్లిలో ఓడరేవు ఉండేది. 1244లో సముద్ర వ్యాపారులకు అభయం ఇస్తూ ఆయన వేయించిన శాసనం ఈనాటికీ ఉంది. కర్పూరం, పట్టు, ముత్యాలు, మిరియాలు ఆ దారిన వచ్చేవి. పచ్చి చేప మాత్రం రాలేదు. ఐసు లేని రోజుల్లో రాలేదు కూడా.

వచ్చింది ఎండు చేప. సంతలో గోనెపట్టాల మీద పోసి అమ్మే ఎండు నెత్తళ్ళు, ఎండు సావళ్ళు మన అవ్వలకు బాగా తెలుసు. వంకాయలో వేసినా, గోంగూరలో వేసినా, చింతచిగురులో వేసినా ఆ రుచే వేరు. అంటే సముద్రపు చేప మనకు పూర్తిగా కొత్త కాదు, పచ్చిగా కొత్త. ఇప్పుడు కోస్తా రేవుల నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వరంగల్, హనుమకొండ, కాజీపేటలకు చేరుతున్నాయి. మచిలీపట్నం మనకు దాదాపు 300 కిలోమీటర్లు. విశాఖపట్నం అంతకు దాదాపు రెట్టింపు. ఆ దూరం సంగతి గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఆ చేపల పేర్లు

ఒక్కో రేవులో ఒక్కో పేరు ఉంటుంది కాబట్టి పేరుతో పాటు ఆకారం కూడా చెబుతున్నాను.

కవళ్ళు జానెడు పొడుగుంటాయి. వీపు నీలి పచ్చగా, పొట్ట వెండిలా ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న రకాన్ని నూనె కవళ్ళు అంటారు. ఇంగ్లీషులో సార్డిన్.

కానాగడతలు, కొందరు కనగుర్తలంటారు, కవళ్ళ కన్నా లావుగా, గుండ్రంగా ఉంటాయి. వీపు మీద నల్లటి గీతలుంటాయి. ఇంగ్లీషులో మాకరెల్. ఈ చేప శాస్త్రీయ నామంలో మన తెలుగు మాటే ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే ఇంగ్లీషు కంపెనీ కాలపు వైద్యుడు విశాఖపట్నంలో 200 రకాల చేపలను సేకరించి, బొమ్మలు వేయించి, అక్కడి జాలరులు పిలిచే పేర్లతోనే 1803లో లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. దాని నుంచే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియె ఈ చేపకు కనగుర్త అని పేరు స్థిరం చేశాడు. ప్రపంచమంతా తెలుగు పేరుతో పిలిచే చేపను మనం మాత్రం "గదేందో" అని పక్కన పెడుతున్నాం.

సావళ్ళు పొడుగ్గా, బల్లపరుపుగా, రిబ్బనులా ఉంటాయి. పొలుసు అసలుండదు. పళ్ళు మాత్రం చూస్తే భయం వేస్తుంది. మన దేశం నుంచి చైనాకు పెద్ద ఎత్తున ఎగుమతి అవుతాయి. అక్కడ ఇష్టంగా తింటారు.

గులివిందలు గులాబీ రంగులో ఉంటాయి. గడ్డం కింద రెండు మీసాలుంటాయి, దాన్ని బట్టి గుర్తు పట్టవచ్చు. నెత్తళ్ళు వేలెడంత చేపలు. పచ్చివి మన ఊరికి తక్కువగా వస్తాయి, వస్తే వదలకండి.

ఏముంది వాటిలో?

మాంసకృత్తుల విషయంలో చెరువు చేపకూ, సముద్రపు చేపకూ పెద్ద తేడా లేదు. రెండూ మంచివే, రెండూ తేలికగా అరుగుతాయి. తేడా అంతా కొవ్వులో ఉంది. ఒమేగా-3 అని డాక్టర్లు చెప్పే కొవ్వు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లను తగ్గించేది, గుండెకూ కడుపులోని బిడ్డ మెదడుకూ పనికొచ్చేది, కవళ్ళు, కానాగడతలు, నెత్తళ్ళ వంటి నూనె చేపల్లో మెండుగా ఉంటుంది. బొచ్చె, రవ్వల్లో చాలా తక్కువ. అమెరికా హార్ట్ అసోసియేషన్ వారానికి రెండుసార్లు చేపలు తినమంటుంది, నూనె చేపలైతే మరీ మంచిదంటుంది. వాటితో విటమిన్ డి, బి12, అయోడిన్ కూడా దక్కుతాయి. చిన్న చేపలను ముళ్ళతో సహా నమిలి తింటే కాల్షియం అదనం.

ఇంకో మేలు ఉంది. సముద్రంలో పెద్ద చేప చిన్న చేపను తింటుంది. నీటిలోని పాదరసం అలా మెట్టు మెట్టుగా పెద్ద చేపల ఒంట్లో పోగవుతుంది. కవళ్ళు, నెత్తళ్ళు ఆ నిచ్చెనలో కింది మెట్టు మీద ఉంటాయి, పైగా ఎక్కువ కాలం బతకవు. అందుకే గర్భిణులకు, పిల్లలకు పెద్ద చేప ముక్క కన్నా ఈ చిన్న చేప క్షేమం. చౌకది తక్కువది అనుకునే మన అలవాటు ఇక్కడ పూర్తిగా తలకిందులైంది.

అందరికీ ఒకే మాట చెప్పకూడదు కదా. గౌటు (యూరిక్ యాసిడ్) ఉన్నవారు కవళ్ళు, నెత్తళ్ళు తగ్గించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తినవచ్చో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఎండు చేపలో ఉప్పు విపరీతం. రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, బి.పి. ఉన్నవారు ఎండు చేపల కూర వేసుకుని ఆ పూటకే ఆ లెక్క దాటేస్తారు. వేడి నీళ్ళలో నానబెట్టి పిండి, మరో రెండు నీళ్ళు మార్చితే కొంత ఉప్పు పోతుంది, అంతా పోదు.

"నాకు సముద్రపు చేప పడదు"

ఇప్పుడు ఆ 300 కిలోమీటర్ల సంగతి. ఒకామె షుగరు చూపించుకోవడానికి వచ్చింది. చేపల మాట ఎత్తగానే "నాకు సముద్రపు చేప పడదమ్మా, 12 ఏళ్ళ కింద మానేసిన" అంది. ఏమైందని అడిగితే, ఒక పెళ్ళిలో తిన్న అరగంటకు ముఖం ఎర్రగా కందిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి, గుండె దడదడలాడిందట. ఇంకెవరికైనా అలా అయిందా అని అడిగాను. "మా వదినెకూ అయింది, ఆమె కొడుక్కూ అయింది" అంది. ముగ్గురికీ ఒకే రోజున, ఒకే కూరతో, కొత్తగా ఎలర్జీ పుడుతుందా? ఆ రోజు పడనిది చేప కాకపోవచ్చు, చేప దారిలో పాడై ఉండవచ్చు. డాక్టరు గారితో ఈ ముక్క చెప్పమని పంపాను.

కానాగడతలు, ట్యూనా, కవళ్ళు వంటి నూనె చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప పట్టిన దగ్గర నుంచి చల్లగా ఉండకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఎలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో పుట్టేదీ ఈ హిస్టమినే, అందుకే లక్షణాలు ఒకేలా ఉంటాయి. కొద్ది నిమిషాల నుంచి గంటలోపు ముఖం ఎర్రబడుతుంది, నోటి చుట్టూ మంట, తలనొప్పి, దద్దుర్లు, దడ, ఒక్కోసారి వాంతులు, విరేచనాలు అవుతాయి. దీనిలో మోసం ఏమిటంటే, ఒకసారి హిస్టమిన్ పుట్టాక ఎంత ఉడికించినా పోదు, మళ్ళీ ఐసులో పెట్టినా పోదు. వాసన కూడా ఒక్కోసారి తెలియదు. కొందరికి నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. అలా అనిపిస్తే ఆ ముద్ద ఉమ్మేయండి, కూర పారబోయండి. డబ్బు పోయిందని బాధపడకండి.

చాలామందికి కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. అయినా దద్దుర్లు వస్తే ఆసుపత్రికి రండి. ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలుక వాచినా, కళ్ళు తిరిగి పడిపోయినా క్షణం ఆలస్యం చేయకండి. నిజమైన చేప ఎలర్జీ ప్రాణాంతకం కావచ్చు. ఏది ఎలర్జీయో, ఏది పాడైన చేపో తేల్చవలసింది డాక్టరు. ఇంట్లో మళ్ళీ ఒక ముక్క తిని పరీక్షించుకోవద్దు.

క్షయ (టి.బి.) మందులు వాడుతున్నవారు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఆ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్, ఒంట్లో హిస్టమిన్ విరిగిపోకుండా అడ్డుపడుతుంది. ఇతరులకు ఏమీ కాని చేప కూడా మీకు దద్దుర్లు, తలనొప్పి, దడ తెప్పించవచ్చు. కాబట్టి మందులు నడిచినన్నాళ్ళూ ట్యూనా, కానాగడతలు, కవళ్ళు మానుకుని, తాజా చెరువు చేప తినండి. బలం కోసం మీకు చేప కావాలి, అందులో అనుమానం లేదు. తిన్నాక ఏదైనా తేడా చేస్తే చేప మానండి కానీ టి.బి. మాత్రలు మాత్రం సొంతంగా మానకండి. వెంటనే డాక్టరుకు చెప్పండి.

కొనేటప్పుడు

చేపకు సరిసమానంగా ఐసు ఉండాలి, కిలోకి కిలో. ఎండలో బండ మీద పేర్చి, మీద నీళ్ళు చల్లుతున్న చోట నూనె చేప కొనవద్దు. చెరువు చేప అయితే కళ్ళ ముందే గిలగిల కొట్టుకుంటూ ఉంటుంది, అనుమానమే లేదు. సముద్రపు చేపను మనమే పరీక్షించాలి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, గుంటపడి తెల్లబారితే వద్దు. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే లేవాలి. కవళ్ళకు ముఖ్యంగా పొట్ట చూడాలి. ఆ చేపకు పొట్ట తొందరగా చిరుగుతుంది. పది చేపల్లో ఒకటీ అరా చిరిగితే సరే, సగం చిరిగి ఉంటే అది నిన్నటి మొన్నటి సరుకు. సావళ్ళకు ఒంటి మీద వెండి పూత చెదరకుండా మెరుస్తుండాలి, పసుపు తిరిగితే పాతది.

ఫార్మాలిన్ గురించి చాలామంది అడుగుతున్నారు. 2018లో కేరళ అధికారులు తనిఖీలు చేసి ఫార్మాలిన్ కలిపిన చేపలను టన్నుల కొద్దీ పట్టుకున్నప్పటి నుంచి ఈ భయం ఎక్కువైంది. భయం నిరాధారం కాదు. చేప కన్ను లోపలికి పోయి పాతదిలా కనిపిస్తూ, ఒళ్ళు మాత్రం రబ్బరులా బిగుసుకుని, నీచు వాసన ఏమాత్రం లేకపోతే అనుమానించండి. ఈగలు వాలకపోతే ఫార్మాలిన్ ఉన్నట్టే అనే మాటను మాత్రం పూర్తిగా నమ్మలేం. గట్టిగా ఐసు వేసినా ఈగలు వాలవు.

ఆదివారం ఆరాధనకు వెళ్ళేటప్పుడే చేపలు కొని, సంచి స్కూటరుకు తగిలించి, రెండు గంటల తర్వాత ఇంటికి తీసుకుపోయేవారిని చూశాను. అంత దూరం ఐసులో వచ్చిన చేప మన స్కూటరు మీద పాడైతే ఎవరిని అనాలి? ఆరాధన అయ్యాక కొనండి. బస్సులో ఊరికి వెళ్ళవలసినవారు అమ్మే ఆమెను ఇంకో రెండు గుప్పెళ్ళు ఐసు అడగండి, ఇస్తుంది.

నీచు వాసన ఎలా పోతుంది?

చెరువు చేపకు బురద వాసన, సముద్రపు చేపకు నీచు వాసన. రెండింటికీ కారణాలు వేరు. ఉప్పునీటిలో బతకడానికి సముద్రపు చేప ఒంట్లో ఒక పదార్థం దాచుకుంటుంది. చచ్చాక అది విరిగి ఆ వాసన వస్తుంది. పులుపు తగిలితే ఆ వాసన అణిగిపోతుంది. సముద్రం ఒడ్డు వారు చేపను చింతపండులో వేయడం ఒట్టి రుచి కోసం కాదన్నమాట.

కవళ్ళకు కత్తి అక్కరలేదు. గిన్నెడు నీళ్ళలో వేసి, తోక నుంచి తల వైపు వేలితో రాస్తే పొలుసు ఊడి వస్తుంది. తలను మొప్పల దగ్గర విరిచి లాగితే పేగులు దానితోనే వస్తాయి. పొట్ట లోపల నల్లటి పొర ఉంటుంది. దాన్ని బొటనవేలితో గీకి తీసేయాలి, అది చేదు. వెన్ను వెంట గడ్డకట్టిన రక్తాన్ని కూడా కడిగేయాలి. కానాగడతలకు కూడా ఇంతే, కాకపోతే మొప్పలు కోసి తీయాలి. సావళ్ళకు వీపు పొడుగునా రెక్క ఉంటుంది. దానికి అటూ ఇటూ గాటు పెట్టి తోక దగ్గర పట్టుకుని లాగితే పట్టీలా వచ్చేస్తుంది. తల, సన్నటి తోక తీసేసి మూడంగుళాల ముక్కలు కోయాలి. వెండి పూతను రాళ్ళ ఉప్పుతో రుద్దితే పోతుంది, ఉన్నా ప్రమాదం లేదు.

ఆ తర్వాత అన్నిటికీ ఒకటే పద్ధతి. రాళ్ళ ఉప్పు, పసుపు, కొంచెం నిమ్మరసం పట్టించి 10 నిమిషాలు ఉంచి, మూడు నీళ్ళు కడగాలి. గంటలకొద్దీ నీళ్ళలో నానబెట్టకండి, రుచి పోతుంది, ముక్క మెత్తబడుతుంది. చేప కోసిన పీటను, కత్తిని సబ్బుతో కడిగాకే కూరగాయలు తరగండి.

గరిటె అవతల పెట్టండి

మొదటిసారి నేను కవళ్ళు వండినప్పుడు బొచ్చె వండినట్టే వండాను. పులుసు మరిగాక చేపలు వేసి, అడుగంటుతుందేమోనని గరిటె పెట్టి రెండుసార్లు కలిపి, అరగంట ఉడికించాను. మూత తీస్తే చేప లేదు. ముళ్ళున్నాయి, పులుసుంది. "ఇది పులుసా, పచ్చడా?" అన్నారు మావారు. బందరు వైపు నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన మా చిన్నత్త ఆ గిన్నెలోకి చూసి, "అమ్మాయ్, ముందు ఆ గరిటె అవతల పెట్టు" అంది. కింద చెప్పేదంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే. మసాలా మాత్రం మన ఇంటిది.

అరకిలో కవళ్ళకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తీయండి. వెడల్పాటి మట్టి చట్టి గానీ, అడుగు మందపు గిన్నె గానీ తీసుకుని రెండు చెంచాల నూనె వేయండి. చేపలోనే నూనె ఉంది కాబట్టి అంతకు మించి వద్దు. రెండు ఉల్లిగడ్డలు నూరిన ముద్ద, కరివేపాకు, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, చింతపండు రసం, తగిన నీళ్ళు పోసి బాగా మరగనివ్వండి. పులుసు పూర్తిగా తయారయ్యాకే చేపలు ఒక వరుసలో పరచండి. మంట తగ్గించి 10 నిమిషాలు, అంతే. కలపాలనిపిస్తే రెండు చేతులతో గిన్నె అంచులు పట్టుకుని తిప్పండి. దించే ముందు వేయించి పొడి చేసిన ధనియాలు, జీలకర్ర, కాసిని మెంతులు, కొత్తిమీర చల్లండి. మామిడికాయల రోజుల్లో చింతపండు సగం తగ్గించి కాయ ముక్కలు వేస్తే ఇంకా బాగుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచి తింటే ముక్కకు పులుపు పడుతుంది. మరునాటికి ఉంచేటట్టయితే ఫ్రిజ్‌లో పెట్టండి, పొయ్యి గట్టు మీద కాదు.

ముళ్ళకు భయపడేవారికి చిన్నత్త చెప్పిన ఉపాయం ప్రెషర్ కుక్కర్. ఇదే పులుసును కొంచెం చిక్కగా చేసి, చేపలు పరిచి, మొదటి కూత వచ్చాక మంట బాగా తగ్గించి 25 నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతట అది పోయేదాకా మూత తీయకండి. పులుపుకూ, ఆవిరికీ ముళ్ళు మెత్తబడి చేతితో నలిపితే పొడి అవుతాయి. డబ్బాల్లో అమ్మే సార్డిన్ చేపల ముళ్ళు మెత్తగా ఉండేది కూడా ఇలా ఆవిరి ఒత్తిడిలో ఉడికించడం వల్లే. కాల్షియం మాత్రలు మింగలేక బాధపడే పెద్దవారికి ఈ కూర పెట్టండి. అయినా మొదటి చేపను మీరు నలిపి చూసి, ముల్లు లొంగిందని తెలిశాకే వడ్డించండి.

కానాగడతలు పులుసుకూ బాగుంటాయి, పెనం మీద ఇంకా బాగుంటాయి. రెండు పక్కలా మూడేసి గాట్లు పెట్టి, కారం, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం కలిపిన ముద్ద గాట్లలోకి పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పెనం మీద రెండు చెంచాల నూనెతో, మధ్యస్తమైన మంట మీద, ఒక్కో వైపు ఐదారు నిమిషాలు కాల్చండి. ఒకేసారి తిప్పాలి. పదే పదే తిప్పితే తోలు ఊడుతుంది. శనగపిండి ముంచి, కాగే నూనెలో ముంచి తీసే చేప గుండె జబ్బు వారికి కాదు. మంచి కొవ్వు కోసం కొన్న చేపను చెడ్డ కొవ్వులో ముంచినట్టు అవుతుంది. కానాగడత పక్కల ముదురు ఎరుపు కండ ఉంటుంది. దాని రుచి కొంచెం ఘాటు. పిల్లలు వద్దంటే తీసి మీరు తినండి.

సావళ్ళ మాంసం చాలా మెత్తన. ముక్కలకు ఉప్పు రాసి పావుగంట ఉంచి, వదిలిన నీళ్ళు ఒంపేస్తే కొంచెం గట్టిపడుతుంది. తర్వాత పెనం మీద వేయించడమో, ఉల్లిగడ్డ టమాటాలతో ఇగురు పెట్టడమో. మధ్య ముల్లు ఒక దువ్వెనలా ఉంటుంది. అంచుల్లో సన్న ముళ్ళు లాగేస్తే మిగతా అంతా వెన్నలా ఊడి వస్తుంది. చేప కొత్తగా అలవాటు చేసే ఇంట్లో నేనైతే సావళ్ళతోనే మొదలు పెట్టమంటాను. గులివిందలకు కూడా ఇదే ఇగురు. తెల్లటి కండ, వాసన తక్కువ.

సొర గురించి కూడా అడుగుతారు. కోస్తాలో బాలింతలకు పాలు పడతాయని సొరపిట్టు చేసి పెడతారు, అది చూసి మన వైపు కూడా అడుగుతున్నారు. సొర వేటాడి తినే చేప, పాదరసం నిచ్చెనలో పై మెట్టు మీద ఉంటుంది. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, చిన్నపిల్లలూ తినకూడని చేపల్లో అది ముందు వరుసలో ఉంది. పైగా కొన్ని రకాల సొరలను పట్టడం, అమ్మడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మార్కెట్లో ముక్కలుగా కోసి పెడితే ఏ సొరో మనకు తెలియదు. బాలింతకు సావళ్ళ ఇగురు పెట్టండి.

ముల్లు గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్దలు, అరటిపండు బలవంతంగా మింగించే అలవాటు మన ఇళ్ళలో ఉంది. దానివల్ల ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది. వేలు పెట్టి కెలకవద్దు. మింగుతుంటే నొప్పి తగ్గకపోయినా, ఉమ్ములో రక్తం కనిపించినా చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి రండి, చూసి తీసేస్తారు. మూడేళ్ళ లోపు పిల్లలకు ముక్కను మీ వేళ్ళతో నలిపి, చూసి పెట్టండి.

ఒక తేదీ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని 2015 నుంచి ఇన్ని రోజులు చేశారు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. మనకు మృగశిర కార్తె జూన్ 7న గానీ, 8న గానీ వస్తుంది. ఆ రోజు ఊరంతా చేపల కోసం ఎగబడతారు. సరిగ్గా అప్పుడే రెండు తీరాల్లోనూ మరపడవలు రేవుల్లో కట్టేసి ఉంటాయి. మరలేని తెప్పల వాళ్ళు పట్టింది కొంచెం వస్తుంది, మిగతాది కోల్డు స్టోరేజీ సరుకు, లేదా ఎన్నాళ్ళదో తెలియని సరుకు. మృగశిర నాడు మన చెరువు చేపే తినండి, కళ్ళ ముందు కొట్టించుకుని తెచ్చుకోండి. కవళ్ళు, సావళ్ళు జూన్ మూడో వారం తర్వాత మళ్ళీ దిగుతాయి. మొదటిసారి అరకిలో చాలు, ముందు రోజే చెప్పి ఉంచితే అమ్మే ఆమె ఐసులో విడిగా పెడుతుంది.